హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేట్ స్కూళ్లు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

దసరా సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో, బంధువుల ఇళ్లలో ఇవే సందేహాలు మొదలవుతాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: గేటు మీది పేరు కంటే, మీ బిడ్డ రోజూ కూర్చునే ఆ ఒక్క తరగతి గది ఎలా ఉందన్నదే నాకు ముఖ్యం. జవాబులన్నీ ఆ దృష్టితోనే ఉంటాయి.

## వెతుకుతున్నప్పుడు

"హైదరాబాద్‌లో టాప్ స్కూల్స్ ఏవి? నెట్‌లో ఒక్కో లిస్టు ఒక్కోలా ఉంది."

లిస్టులు పక్కన పెట్టండి. అవి ఎక్కువగా స్కూళ్లు పంపిన సమాచారంతోనో, నలుగురి అభిప్రాయాలతోనో తయారవుతాయి. మీ బిడ్డకు పాఠం చెప్పబోయే టీచర్ గురించి వాటిలో ఏమీ ఉండదు. నేనైతే ఈ ఊరి స్కూళ్లను మూడు తరాలుగా చూస్తాను.

మొదటి తరం నిజాం కాలం నాటిది. అబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834లో, ఆల్ సెయింట్స్ 1855లో మొదలయ్యాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం జాగీర్దార్స్ కాలేజీగా పుట్టింది. జాగీర్దారీ వ్యవస్థ రద్దయ్యాక 1951లో ఇప్పటి పేరుతో మిగతావాళ్లకూ తలుపులు తెరిచింది. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా చదివింది అక్కడే. రెండో తరం స్వాతంత్ర్యం వచ్చాక విద్య మీద ఇష్టంతో కొందరు వ్యక్తులు, సొసైటీలు పెట్టినవి. 1961లో మొదలైన విద్యారణ్య, జూబ్లీహిల్స్‌లోని భవన్స్ ఈ కోవలోకి వస్తాయి. మూడో తరం ఐటీతో పాటు ఊరు పడమటికి పాకినప్పుడు పెరిగినవి: 1989లో మొదలైన చిరెక్, 2001లో వచ్చిన ఓక్రిడ్జ్ వంటివి. దక్షిణం వైపు ఆగా ఖాన్ అకాడమీ 2011లో వచ్చింది.

పాత స్కూళ్లలో క్రమశిక్షణ, ఆట స్థలం, పూర్వ విద్యార్థుల అనుబంధం బలం. తరగతిలో పిల్లలు మాత్రం ఎక్కువమందే ఉండొచ్చు. కొత్తవాటిలో సదుపాయాలు, విదేశీ సిలబస్ దొరుకుతాయి, ఫీజూ ఆ స్థాయిలోనే ఉంటుంది. "ఏది గొప్పది" అని కాకుండా "మా ఇంటి పద్ధతికి ఏది నప్పుతుంది" అని అడిగి చూడండి, సగం పేర్లు వాటంతట అవే తొలగిపోతాయి.

"సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ, కేంబ్రిడ్జ్, స్టేట్ సిలబస్... ఏది తీసుకోవాలి?"

ముందు మీ ఉద్యోగం సంగతి చూడండి. మూడు నాలుగేళ్లకోసారి వేరే రాష్ట్రానికి బదిలీ అయ్యేవాళ్లకు సీబీఎస్‌ఈ తేలిక, దేశంలో ఏ ఊరికి వెళ్లినా అదే సిలబస్ దొరుకుతుంది. జేఈఈ, నీట్ ఆలోచన ఉన్నవాళ్లకు కూడా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు చదివిన అలవాటు పనికొస్తుంది.

ఐసీఎస్‌ఈలో ఇంగ్లిష్‌కు భాష, సాహిత్యం రెండు పేపర్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ వేటికవే. చదవడం, రాయడం ఇష్టపడే పిల్లలు ఇందులో బాగా ఎదుగుతారు. కంఠస్థం చేసి నెట్టుకొచ్చే పిల్లలకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బరువనిపిస్తుంది.

ఐబీ, కేంబ్రిడ్జ్‌లలో ప్రాజెక్టులు, ప్రశ్నలు అడిగే తీరు, సొంతంగా రాయడం ముఖ్యం. డిగ్రీకి విదేశాలకు పంపాలని గట్టిగా అనుకుంటే మంచి దారి. అయితే ఐబీ డిప్లొమా (పన్నెండో తరగతి స్థాయి కోర్సు) మే పరీక్షల ఫలితాలు జులై మొదట్లో వస్తాయి, అప్పటికే ఇక్కడ చాలా కౌన్సెలింగ్‌లు మొదలై ఉంటాయి. ఇంజినీరింగ్ ఇక్కడే చేయించాలనుకునేవాళ్లు ఈ సంగతి పదో తరగతిలోపే ఆలోచించుకోవాలి.

స్టేట్ సిలబస్‌ను చిన్నచూపు చూడకండి. అబిడ్స్, సికింద్రాబాద్‌లలోని మంచి పాత స్కూళ్లలో కొన్ని దశాబ్దాల పాటు ఎస్‌ఎస్‌సీతోనే పేరు తెచ్చుకున్నాయి. ఇంటర్, ఎప్‌సెట్ దారిలో వెళ్లే పిల్లలకు అది చక్కగా సరిపోతుంది.

ఐదో తరగతి వరకు బోర్డు తేడా కంటే టీచర్ తేడానే ఎక్కువ. చిన్నపిల్లల విషయంలో బోర్డు గురించి నిద్ర మానుకోవక్కర్లేదు.

"పేరులో ఇంటర్నేషనల్ అని ఉంది. అంటే విదేశీ సిలబస్సేనా?"

కాదు. ఆ మాట ఎవరైనా పెట్టుకోవచ్చు. ఐబీ, కేంబ్రిడ్జ్, సీఐఎస్‌సీఈ (ఐసీఎస్‌ఈ పరీక్షలు నడిపే బోర్డు) సంస్థల వెబ్‌సైట్లలో గుర్తింపు ఉన్న స్కూళ్ల వివరాలు ఉంటాయి. సీబీఎస్‌ఈ అయితే సరస్ పోర్టల్‌లో అఫిలియేషన్ నంబరు, ఏ తరగతి వరకు అనుమతి ఉంది, ఎప్పటి వరకు చెల్లుతుంది అన్నవి చూడొచ్చు. "అప్లై చేశాం, త్వరలో వచ్చేస్తుంది" అన్నారంటే ఆగండి. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ సమయానికి గుర్తింపు రాకపోతే పిల్లలతో వేరే స్కూలు పేరు మీద పరీక్ష రాయిస్తారు. ఆ ఇబ్బంది మీ బిడ్డకు ఎందుకు?

"అదే స్కూల్ కొత్త బ్రాంచి మా ఇంటి దగ్గర పెట్టారు. రెండూ ఒకటే కదా?"

పేరు, యూనిఫాం, బస్సు రంగు ఒకటే. ప్రిన్సిపాల్, టీచర్లు, ఆట స్థలం వేరు. కొన్ని పేర్లు ఫ్రాంచైజీ పద్ధతిలో నడుస్తాయి, అంటే యాజమాన్యం కూడా వేరే ఉంటుంది. ప్రిన్సిపాల్ వచ్చి ఎన్నేళ్లయింది, పోయిన ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారు అన్న రెండు ప్రశ్నలు అడగండి. ప్రతి ఏడాదీ టీచర్లు మారిపోయే చోట ఎంత పెద్ద పేరున్నా నేను చేర్చమని చెప్పను.

"స్కూల్ చాలా మంచిది, కానీ దూరం. ఎంత దూరం వరకు పర్వాలేదు?"

కిలోమీటర్లు లెక్కపెట్టకండి, బస్సులో పిల్ల కూర్చునే సమయం లెక్కపెట్టండి. ఉప్పల్ నుంచి ఖాజాగూడకో, ఎల్బీనగర్ నుంచి కొండాపూర్‌కో వెళ్లే బస్సు మధ్యలో పదిచోట్ల ఆగుతుంది. వానాకాలంలో సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రైమరీ పిల్లలకు ఒకవైపు అరగంట, పెద్ద పిల్లలకు ముప్పావు గంట దాటకూడదన్నది నా గట్టి అభిప్రాయం. రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే పిల్లలకు సాయంత్రం ఆట ఉండదు, హోంవర్క్ నిద్రకళ్లతో చేస్తారు. ఎంత గొప్ప స్కూలైనా దాన్ని పూడ్చలేదు. చేర్చే ముందు ఒక పనిదినం పొద్దున బస్సు వెళ్లే దారిలోనే, అదే వేళకు మీరు వెళ్లి చూడండి.

"స్కూల్ చూడ్డానికి వెళ్తున్నాం. ఏం గమనించాలి?"

స్విమ్మింగ్ పూల్, ఏసీ గదులు వాళ్లే చూపిస్తారు. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఇంటర్వెల్ సమయంలో ఉండేలా వెళ్లండి. పిల్లలు పరిగెడుతున్నారా, గోడవారగా నిలబడి ఉన్నారా? టాయిలెట్ చూపించమనండి, ముఖ్యంగా చిన్నపిల్లలు వాడేది. లైబ్రరీలో పుస్తకాలు నలిగి ఉన్నాయా, కొత్తగా మెరుస్తున్నాయా? నలిగి ఉంటేనే మంచిది. ఒక తరగతి గోడ మీది బొమ్మలు చూడండి. అన్నీ ఒకేలా ఉంటే అవి టీచర్ గీయించినవి.

సెక్షన్‌కు ఎంతమంది అని తప్పకుండా అడగండి. సీబీఎస్‌ఈ నిబంధనల ప్రకారం సాధారణంగా 40 మంది దాటకూడదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్పెషల్ ఎడ్యుకేటర్, మాట్లాడేందుకు కౌన్సెలర్ ఉండాలి. వాళ్లను ఒకసారి కలుస్తామని అడగండి. ఆ పోస్టు కాగితం మీదే ఉందా, మనిషి ఉన్నారా అన్నది అప్పుడు తెలుస్తుంది. సీబీఎస్‌ఈ స్కూళ్లు తమ వెబ్‌సైట్‌లో "మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్" అనే పేజీ పెట్టాలి. ఫైర్ సర్టిఫికెట్, భవన భద్రత, ఫీజుల వివరాలు, టీచర్ల సంఖ్య, బోర్డు ఫలితాలు అందులో దొరుకుతాయి. వెళ్లే ముందు రోజు రాత్రి అది చదువుకుని వెళ్తే మీ ప్రశ్నలు సూటిగా ఉంటాయి.

గేటు బయట పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మల్ని, తాతయ్యల్ని పలకరించండి. రిసెప్షన్‌లో అరగంట కూర్చున్నా తెలియని సంగతులు అక్కడ పది నిమిషాల్లో తెలుస్తాయి.

## దరఖాస్తు చేస్తున్నప్పుడు

"ఎప్పుడు మొదలుపెట్టాలి? బాబుకి ఎన్నేళ్లు నిండాలి?"

చాలా పేరున్న స్కూళ్లు వచ్చే విద్యా సంవత్సరం నర్సరీ దరఖాస్తులు సెప్టెంబర్, డిసెంబర్ మధ్యలోనే తీసుకుంటాయి. సంక్రాంతి తర్వాత చూద్దాంలే అనుకుంటే మిగిలిన సీట్లే మిగులుతాయి. వయసు విషయంలో, జాతీయ విద్యా విధానం 2020 ఒకటో తరగతికి 6 ఏళ్లు నిండాలంటోంది. ఆ లెక్కన నర్సరీకి 3, ఎల్కేజీకి 4, యూకేజీకి 5. ఏ తేదీ నాటికి నిండాలన్నది మాత్రం స్కూలును బట్టి మారుతుంది. నాలుగు రోజుల తేడాతో బాబు కింది తరగతిలో పడితే బాధపడకండి. తరగతిలో వయసులో పెద్దగా ఉండటం వల్ల చిన్నప్పుడు మేలే జరుగుతుంది.

"మూడేళ్ల పాపకి ఇంటర్వ్యూ అంట. మాక్కూడా ఉందంట. చాలా టెన్షన్‌గా ఉంది."

విద్యా హక్కు చట్టం, 2009లోని 13వ సెక్షన్ ప్రకారం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడకట్టకూడదు. మొదటిసారి ఉల్లంఘిస్తే 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. అందుకే స్కూళ్లు దాన్ని "ఇంటరాక్షన్" అంటాయి. మైనారిటీ సంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ రోజు పాపకు నిద్ర, తిండి సరిగ్గా ఉండేలా చూడండి, అంతే. రంగుల పేర్లు, ఏబీసీడీలు బట్టీ పట్టించి తీసుకెళ్లకండి. కొత్త మనిషిని చూసి ఏడ్చినా, మాట్లాడకపోయినా అది మూడేళ్ల పిల్ల చేసే పనే. ఆ కారణంగా వద్దన్న స్కూలు మీ పాపకు సరిపోయేది కాదు. మిమ్మల్ని అడిగే ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి: ఇంట్లో ఎవరు చూసుకుంటారు, ఏ భాష మాట్లాడతారు, పాపకు ఏమంటే భయం. ఇంటరాక్షన్ కోసం కోచింగ్ ఇస్తామనేవాళ్లకు పైసా కూడా ఇవ్వకండి.

"డొనేషన్ కడితే సీటు ఖాయమంటున్నారు. కట్టాలా?"

వద్దు. కేపిటేషన్ ఫీజు 1983 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నేరం, విద్యా హక్కు చట్టం కింద తీసుకున్న మొత్తానికి పది రెట్ల వరకు జరిమానా ఉంది. బిల్డింగ్ ఫండ్, డెవలప్‌మెంట్ ఫండ్ అని పేరు మార్చి అడిగితే, ఫీజుల పట్టికలో అది ఉందా, రసీదు ఇస్తారా అని అడగండి. "లోపల మనవాళ్లున్నారు" అంటూ వచ్చే మధ్యవర్తుల చేతుల్లో పోసిన డబ్బుకు లెక్కా ఉండదు, తిరిగి రాదు.

"ప్రైవేట్ స్కూళ్లలో పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఉంటాయట కదా?"

విద్యా హక్కు చట్టం 12(1)(సి)లో ఉంది. తెలంగాణలో దాని అమలు మాత్రం ఏళ్ల తరబడి ముందుకు కదల్లేదు. ప్రతి ఏడాది వేసవిలో విద్యాశాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి. చాలామందికి తెలియని ఇంకో దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో, "బెస్ట్ అవైలబుల్ స్కూల్స్" పథకంలో ఎంపికైన ఇతర ప్రైవేట్ స్కూళ్లలో ప్రభుత్వ ఖర్చుతో కొన్ని సీట్లు ఇస్తారు, ఎంపిక లాటరీ ద్వారా. ప్రకటన జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయం నుంచి వస్తుంది, గడువు చాలా తక్కువ ఉంటుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. మీ ఇంట్లో పనిచేసే అక్కకో, వాచ్‌మన్ కుటుంబానికో ఈ సంగతి చెబితే ఒక బిడ్డ జీవితం మారొచ్చు.

"ఏయే కాగితాలు కావాలి?"

జనన ధ్రువపత్రం, పాప ఆధార్, తల్లిదండ్రుల ఆధార్, చిరునామా రుజువు, టీకాల కార్డు, ఫొటోలు. పై తరగతులకైతే పాత స్కూలు టీసీ, మార్కుల కార్డు, పెన్ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు) నంబరు కూడా. అన్నిటిలో పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడే పేరు ఇక్కడ రాసిందే, అప్పుడు దిద్దించుకోవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

## ఫీజు విషయంలో

"మొత్తం ఎంత అవుతుంది? వాళ్లు చెప్పిన ఫీజుకీ పక్కింటివాళ్లు కట్టిన దానికీ పొంతన లేదు."

ఎందుకంటే చెప్పేది ట్యూషన్ ఫీజు, కట్టేది అన్నీ కలిపి. అడ్మిషన్ ఫీజు, కాషన్ డిపాజిట్, బస్సు, భోజనం, పుస్తకాలు, యూనిఫాం, టూర్లు, యాక్టివిటీలు అన్నీ కలిపి మొదటి ఏడాది ఎంత, రెండో ఏడాది నుంచి ఎంత అని కాగితం మీద రాయించుకోండి. పాత మిషనరీ స్కూళ్లలో ఏడాది ఫీజు ఇంకా వేలల్లోనే ఉంటుంది, ఐబీ స్కూళ్లలో ఐదు లక్షలు దాటడం మామూలే.

అసలు చూసుకోవాల్సింది పదేళ్ల లెక్క. ఒకటో తరగతిలో 2 లక్షలు ఉండి ఏటా 10 శాతం పెరిగితే, పదో తరగతికి వచ్చేసరికి ఏడాదికి దాదాపు 4.7 లక్షలు అవుతుంది. పదేళ్లకు కలిపి సుమారు 32 లక్షలు. రెండో బిడ్డ ఉంటే రెండింతలు. ఈ లెక్క చూశాక కూడా ఊపిరాడుతోందనిపిస్తేనే చేర్చండి. ఫీజు కోసం ప్రతి జూన్‌లో అప్పు చేసే ఇంట్లో ఆ ఒత్తిడి పిల్లల మీదే పడుతుంది. "నీ కోసం ఇంత కడుతున్నాం" అన్న మాట వింటూ పెరిగే పిల్లలకు చదువు భయంగా మారుతుంది.

"ప్రతి ఏడాదీ పెంచేస్తున్నారు. ప్రభుత్వం ఆపలేదా?"

1994 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యానికి దక్కేది 5 శాతమే. అమలు చూసే నాథుడే తక్కువ. ఒక్కరే వెళ్లి వాదిస్తే సమాధానం రాదు. అదే తరగతి తల్లిదండ్రులు పాతిక మంది సంతకాలతో, పెంపునకు కారణం రాతపూర్వకంగా అడిగి, ఒక కాపీ జిల్లా విద్యాశాఖాధికారికి ఇస్తే కనీసం చర్చ మొదలవుతుంది. రసీదులన్నీ దాచిపెట్టండి. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు వరకు 1.5 లక్షల పరిమితిలో మినహాయింపు దొరుకుతుంది కాబట్టి కూడా అవి అవసరమే.

"పుస్తకాలు, యూనిఫాం, బూట్లు వాళ్ల దగ్గరే కొనాలా?"

అలా బలవంతం చేయకూడదు. 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి స్కూళ్లలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మకూడదని, పుస్తకాలు అమ్మితే లాభాపేక్ష ఉండకూడదని ఆదేశించారు. పుస్తకాల జాబితా అడిగి తీసుకుని బయట కొనుక్కోండి. పై తరగతి పిల్లల దగ్గర పాత పుస్తకాలు తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

## చేరాక

"మాది ఐబీ స్కూల్. తెలుగు తప్పనిసరా?"

అవును. 2018లో తెచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఒకటి నుంచి పది వరకు ఏ బోర్డు అయినా తెలుగు బోధించాలి. తెలుగు మాతృభాష కాని పిల్లల కోసం "వెన్నెల" అనే తేలిక వాచకం కూడా ఉంది. ఫ్రెంచ్ తీసుకుంటే మార్కులొస్తాయని తెలుగును వదిలించుకునే దారులు వెతకొద్దని నా మనవి. అమ్మమ్మ చెప్పే కథ అర్థం కావాలన్నా, ఊళ్లో బోర్డు చదవాలన్నా ఈ పదేళ్ల తెలుగే ఆధారం.

"మాకు ఇంగ్లిష్ అంతగా రాదు. అక్కడ అందరూ పెద్దవాళ్ల పిల్లలు. మా అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందేమో?"

చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. భాష సంగతి పెద్ద సమస్య కాదు. ఇంట్లో నిండుగా తెలుగు మాట్లాడే పిల్లలు ఒకటి రెండేళ్లలో ఇంగ్లిష్ అందుకుంటారు. మీరు వచ్చీరాని ఇంగ్లిష్‌లో మాట్లాడితే పాపకు రెండూ సరిగ్గా రావు. తెలుగులోనే కథలు చెప్పండి, కబుర్లాడండి. పేరెంట్ మీటింగ్‌లో తెలుగులోనే అడగండి, టీచర్ తెలుగులోనే చెబుతారు. అది మీ హక్కు.

డబ్బు తేడా నిజంగానే తగులుతుంది. పుట్టినరోజు పార్టీలు హోటళ్లలో జరుగుతాయి, సెలవుల తర్వాత అందరూ విదేశాల ముచ్చట్లు చెబుతారు. ఎనిమిదేళ్ల పిల్ల "మనం ఎందుకు వెళ్లం?" అని అడుగుతుంది. కసరకండి, అబద్ధం చెప్పకండి. "మన దగ్గర ఇంత ఉంది, దాన్ని ఇలా ఖర్చు పెట్టుకుంటున్నాం" అని మామూలుగా చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. ఒకరిద్దరు మంచి స్నేహితులు దొరికారా అన్నది చూడండి, వాళ్లను ఇంటికి పిలవండి. రెండేళ్లు గడిచినా పాపకు ఒక్క స్నేహితురాలు కూడా లేకపోతే, పొద్దున్నే కడుపునొప్పి అంటుంటే, అప్పుడు స్కూలు మార్చడం గురించి ఆలోచించండి. పేరు పోతుందని ఆగకండి.

"టీచర్ కొట్టింది. అడిగితే మా వాడి మీద కోపం పెట్టుకుంటారేమో?"

కొట్టడం, మనసు నొచ్చుకునేలా అవమానించడం రెండూ విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. అదే రోజు ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పంపండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, మీరేం కోరుతున్నారు అన్నవి నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు. స్పందన లేకపోతే 1098 చైల్డ్‌లైన్, జిల్లా విద్యాశాఖ ఉన్నాయి. మీరు ఊరుకుంటే, తనను కొట్టినా ఇంట్లో ఎవరూ అడగరని బాబుకు అర్థమవుతుంది.

"బస్సు విషయంలో ఏం చూడాలి?"

అటెండర్ ఉన్నారా, ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటుందా, సీట్లకు మించి ఎక్కిస్తున్నారా. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏటా స్కూళ్లు తెరిచే ముందు తీసుకోవాలి, జూన్‌లో కాపీ అడగండి.

## మారాలనుకుంటే, పది తర్వాత

"ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వట్లేదు. ఏడాది పోతుందేమో?"

ఎనిమిదో తరగతిలోపు పిల్లలు ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూల్లో చేరుతుంటే టీసీ ఆలస్యమైందన్న కారణంతో సీటు ఆపకూడదని చట్టం చెబుతోంది. ఇంకో ప్రైవేట్ స్కూలుకు మారుతుంటే టీసీ అడుగుతారు. బాకీ ఎంతో రాతపూర్వకంగా తీసుకుని, వాయిదాల్లో కడతామని లేఖ ఇచ్చి, ఒప్పుకోకపోతే మండల విద్యాధికారిని కలవండి.

"తొమ్మిదిలో బోర్డు మార్చొచ్చా?"

మార్చొచ్చు, కానీ అదే ఆఖరి అవకాశం అనుకోండి. బోర్డు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే జరుగుతుంది, నేరుగా పదిలో చేరడానికి బదిలీ లాంటి గట్టి కారణాలు చూపించాలి. నన్నడిగితే ఆరో తరగతిలో మార్చడం మేలు.

"పది తర్వాత ఇక్కడే ఉంచాలా, కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చేర్చాలా?"

ఈ ఊళ్లో పేరున్న స్కూళ్ల నుంచి కూడా పది అయ్యాక చాలామంది ఇంటర్‌కు వెళ్లిపోతారు. అందుకని మీ స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతుల్లో ఎంతమంది మిగులుతారో, ఏ గ్రూపుకు టీచర్లు ఉన్నారో ముందే కనుక్కోండి. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు ఇప్పుడు వెయిటేజీ లేదు. జేఈఈ ద్వారా ఐఐటీ, ఎన్ఐటీ సీటుకు మాత్రం పన్నెండులో సాధారణంగా 75 శాతం గానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్ గానీ ఉండాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకైతే 2022 నుంచి సీయూఈటీ ప్రవేశ పరీక్షే దారి.

ఇంజినీరింగ్ మీద అబ్బాయికి నిజంగా ఇష్టముందా అన్నది తేల్చుకోకుండా హాస్టల్‌లో పడేయకండి. ఆటలు, డిబేట్ల మధ్య పెరిగిన పిల్లలు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ అంటే ఒక్కసారిగా తట్టుకోలేరు. ఇంటి నుంచి వెళ్లి వచ్చే డే స్కాలర్‌గా చేర్చి మొదటి మూడు నెలలు చూడండి. స్కూల్లో పేరు మాత్రం ఉంచి కోచింగ్‌కు వెళ్లే డమ్మీ అడ్మిషన్ల జోలికి పోవద్దు, హాజరు లేని విద్యార్థులను బోర్డు పరీక్షకు అనుమతించనని సీబీఎస్‌ఈ స్పష్టంగా చెప్పింది.

స్కూలు వదిలే రోజున టీసీతో పాటు ఆరో తరగతి నుంచి ప్రతి ఏడాదికీ బోనఫైడ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఎప్‌సెట్, నీట్ కౌన్సెలింగ్‌లో లోకల్ అభ్యర్థి అని నిరూపించుకోవడానికి అవి కావాలి. మధ్యలో ఏ స్కూలు మూతపడినా, యాజమాన్యం మారినా తర్వాత వాటికోసం తిరగడం చాలా కష్టం.